విశాఖ నుంచి చీరాల దాకా బీచ్ ఊళ్ళ మీదుగా ఇద్దరి కారు ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

భీమిలి, ఉప్పాడ, అంతర్వేది, మంగినపూడి, సూర్యలంక, వాడరేవు. ఈ ఊళ్ళన్నీ ఒకే ప్రయాణంలో చూడాలనుకునే జంటలకు వచ్చే సందేహాలు ఇంచుమించు ఒకటే. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్న అవసరమైతే దాని దగ్గరికే నేరుగా వెళ్ళిపోవచ్చు.

## బయలుదేరే ముందు

దారంతా సముద్రం పక్కనే వెళ్తామా?

వెళ్ళరు. ఈ సంగతి ముందే తెలిస్తే సగం నిరాశ తప్పుతుంది. విశాఖ నుంచి కత్తిపూడి దాకా ఎన్‌హెచ్ 16. కత్తిపూడి నుంచి కాకినాడ, యానాం, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు దాకా ఎన్‌హెచ్ 216. దీన్ని కోస్తా రోడ్డు అంటారు కానీ చాలాచోట్ల సముద్రానికి బాగా లోపలగా సాగుతుంది. కిటికీలోంచి కనపడేవి వరిచేలు, కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు. ప్రతి బీచ్‌కీ హైవే దిగి లోపలికి వెళ్ళి, మళ్ళీ వెనక్కి రావాలి. అలలను చూస్తూ కారు నడిపే సుఖం ప్రధానంగా రెండు చోట్ల దక్కుతుంది: విశాఖ–భీమిలి బీచ్ రోడ్డు, కాకినాడ–ఉప్పాడ రోడ్డు.

మొత్తం ఎన్ని కిలోమీటర్లు? ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

సుమారు లెక్క ఇది: విశాఖ నుంచి కాకినాడ 155, అక్కడినుంచి అమలాపురం 65, నరసాపురం 60, మచిలీపట్నం 80, బాపట్ల 100, చీరాల 18. అంటే దాదాపు 480. బీచ్‌లకు వెళ్ళొచ్చే అడ్డదారులు కలిపితే 650 నుంచి 700. కాగితం మీద రెండు రోజుల దూరమే అయినా ఆరు పగళ్ళు, ఐదు రాత్రులు కావాలి. మొదటి రాత్రి విశాఖ లేదా భీమిలి, రెండోది కాకినాడ, మూడోది దిండి లేదా అమలాపురం, నాలుగోది మచిలీపట్నం, ఐదోది సూర్యలంక. ఆరో రోజు వాడరేవు చూసుకుని ఇంటిదారి. రోజుకు రెండు బీచ్‌లకు మించి పెట్టుకోవద్దు. మూడోది పెడితే సాయంత్రం మొత్తం రోడ్డు మీదే గడిచిపోతుంది. నాలుగు రోజులే సెలవు దొరికితే విశాఖ వదిలేసి కాకినాడ నుంచి మొదలుపెట్టండి.

విశాఖ నుంచి కిందికి రావడం మేలా, చీరాల నుంచి పైకి వెళ్ళడం మేలా?

పైనుంచి కిందికి. మనం రోడ్డుకు ఎడమవైపు నడుపుతాం, సముద్రమూ ఎడమవైపే ఉంటుంది. బీచ్ దారుల్లోకి తిరగడానికి ఎదురొచ్చే లారీలను దాటుకుని కుడికి మళ్ళాల్సిన పని ఉండదు.

ఏ నెలల్లో వెళ్తే బాగుంటుంది?

డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి చివరి దాకా. ఎండ ఉంటుంది, ఉక్క ఉండదు. జనవరిలో తెల్లవారుజామున కోనసీమలో మంచు దట్టంగా పడుతుంది కాబట్టి ఎనిమిది దాటాక కారు తీయండి. సంక్రాంతి మూడు రోజులూ గోదావరి జిల్లాల్లో గదులు దొరకవు, కోడిపందేల బరులున్న ఊళ్ళ దగ్గర రోడ్లు నిండిపోతాయి. కార్తీక మాసం ఆదివారాలు సూర్యలంక, మంగినపూడి కిటకిటలాడతాయి. మాఘంలో అంతర్వేది కల్యాణం, మాఘ పౌర్ణమి సముద్ర స్నానాలు ఉంటాయి. ఆ జనం మధ్యకు వెళ్ళాలని ఉంటే సరే, లేదంటే పంచాంగం చూసుకుని ఆ తేదీలు తప్పించండి. ఏప్రిల్, మే నెలల్లో పగలు పదకొండు నుంచి నాలుగు దాకా ఇసుక మీద నిలబడలేరు.

అక్టోబరు, నవంబరులో బుక్ చేసుకున్నాం. తుఫాను వస్తే?

ఈ తీరానికి అసలైన తుఫాను కాలం అదే. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర, మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటాయి. డబ్బు వాపసు ఇచ్చే గదులే తీసుకోండి. బయలుదేరే ముందు వాతావరణ శాఖ సూచనతో పాటు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే ఎత్తైన అలల హెచ్చరికలూ చూడండి. వాన చినుకు లేకుండా ఎండ కాస్తున్నప్పుడు కూడా దూరపు సముద్రంలో పుట్టిన ఉప్పెన అలలు తీరాన్ని తాకుతుంటాయి. రేవుల్లో మూడో నంబరు లేదా అంతకు మించిన హెచ్చరిక ఎగరేశారంటే తీరం వైపు వెళ్ళకండి. లోపలి ఊళ్ళకు, రాజమండ్రి వైపో విజయవాడ వైపో మళ్ళిపోండి.

హోటల్లో పెళ్ళి సర్టిఫికెట్ అడుగుతారా? ఆధార్‌లో ఇంటిపేరు ఇంకా మార్చుకోలేదు.

ఇద్దరికీ వేర్వేరుగా ఫొటో గుర్తింపు కార్డు ఉంటే చాలు. ఇంటిపేర్లు వేరుగా ఉండటం గది నిరాకరించడానికి కారణం కాదు. పెళ్ళికాని మేజర్లు ఒకే గదిలో ఉండకూడదని చట్టం ఎక్కడా చెప్పదు. కానీ చిన్న ఊళ్ళ లాడ్జీలు తమ సొంత నియమాలు పెట్టుకుంటాయి. స్థానిక చిరునామా ఉన్న కార్డులను ఒప్పుకోని చోట్లూ ఉన్నాయి. ఆన్‌లైన్‌లో బుక్ చేశాక హోటల్‌కే ఫోన్ చేసి ఒక్కమాట అడగండి. రాత్రి తొమ్మిదింటికి కౌంటర్ దగ్గర వాదించే అవస్థ తప్పుతుంది. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు రెండూ వెంట ఉంచుకోవాలి, ఎందుకంటే హోటల్ వాళ్ళు విదేశీ అతిథుల వివరాల ఫారం నింపాలి. కారు నడపాలంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి.

పెట్రోలు ఎంతవుతుంది? యానాంలో చవక అంటారు, నిజమేనా?

700 కిలోమీటర్లకు, లీటరుకు 15 ఇచ్చే కారైతే 47 లీటర్లు. లీటరు 110 రూపాయల లెక్కన ఐదువేల రెండొందలు దాకా అవుతుంది. ఇంటి నుంచి విశాఖ చేరడం, చీరాల నుంచి ఇల్లు చేరడం దీనికి అదనం. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం, అక్కడ పన్ను తక్కువ కాబట్టి ధర తేడా బాగానే ఉంటుంది. కాకినాడలో ట్యాంకు నింపకుండా సగానికి తెచ్చుకుని యానాంలో నింపుకోండి.

అద్దె కారు తీసుకుంటే ఏం చూసుకోవాలి?

నల్ల పలక మీద పసుపు అక్షరాలుండే సెల్ఫ్ డ్రైవ్ బండే తీసుకోండి. తెలిసినవాళ్ళ తెల్లబోర్డు కారును డబ్బిచ్చి అద్దెకు తీసుకుంటే ప్రమాదం జరిగినప్పుడు బీమా చెల్లకపోవచ్చు. యానాం వేరే ప్రభుత్వం కింద ఉంది కాబట్టి ఆ బండి పర్మిట్‌లో పుదుచ్చేరి ఉందో లేదో యజమానిని అడగండి. విశాఖలో తీసుకుని చీరాలలో వదిలేస్తానంటే చాలా సంస్థలు ఒప్పుకోవు, ఒప్పుకున్నా తిరుగు ఛార్జీ వేస్తాయి. తాళం తీసుకునేటప్పుడు బండి కింది భాగం, స్టెప్నీ, జాకీ వీడియో తీసి పెట్టుకోండి.

కారులో తప్పనిసరిగా ఏం ఉండాలి?

మామూలు సామానుతో పాటు ఇవి: బండి లాగే తాడు, టైర్లలో గాలి కొలిచే గేజి, పన్నెండు వోల్టుల గాలి పంపు, చిన్న పార, 20 లీటర్ల మంచినీళ్ళ డబ్బా. స్నానం చేశాక ఉప్పు కడుక్కోవడానికి ఆ నీళ్ళే దిక్కు, చాలా బీచ్‌లలో షవర్లు ఉండవు. ఫోన్లకు జిప్ కవర్లు, ఎస్‌పీఎఫ్ 50 క్రీము, తడి బట్టలకు గోనెసంచి. మూత గట్టిగా పడే ఐదు లీటర్ల ఖాళీ డబ్బా ఒకటి, దానికి పది మీటర్ల నైలాన్ తాడు కట్టి ఉంచండి. నీళ్ళలో ఎవరైనా చిక్కుకుంటే విసరడానికి.

## దారిలో

216 రోడ్డు ఎలా ఉంటుంది? రాత్రి నడపొచ్చా?

ఎక్కువ భాగం రెండు వరుసల రోడ్డు, ఊళ్ళ మధ్య నుంచి పోతుంది. గంటకు సగటున 40 నుంచి 45 కిలోమీటర్లు లెక్కవేసుకోండి. మ్యాప్ చెప్పే సమయానికి మూడో వంతు కలపండి. కోతల కాలంలో రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు. రాశుల చుట్టూ రాళ్ళు పేరుస్తారు, చీకట్లో అవి కనపడవు. రొయ్యల లారీల నుంచి కారే నీళ్ళతో మలుపుల్లో రోడ్డు జారుతుంది. వెనక లైటు లేని ట్రాక్టర్లు, గేదెలు సరేసరి. పొద్దుగూకేసరికి గదికి చేరేలా చూసుకోండి. బండి ఆగిపోతే హైవే సహాయానికి 1033, అంబులెన్సుకు 108.

ఫాస్టాగ్ లేకుండా కుదురుతుందా?

ఎన్‌హెచ్ 16 మీద వేంపాడు లాంటి టోల్ గేట్ల దగ్గర నగదు ఇస్తే రెట్టింపు, యూపీఐతో కడితే ఒకటింబావు రెట్లు. ఇది 2025 నవంబరు 15న అమల్లోకి వచ్చిన నియమం, తర్వాత మారిందేమో బయలుదేరే ముందు చూసుకోండి. ట్యాగ్‌లో బ్యాలెన్సు ఒక్కటే కాదు, కేవైసీ పూర్తయిందో లేదో కూడా చూసుకోండి. బ్లాక్‌లిస్టులో పడిన ట్యాగ్ లేనట్టే లెక్క.

కాకినాడ నుంచి ఉప్పాడకు బీచ్ రోడ్డులో వెళ్ళాలా, పిఠాపురం మీదుగా వెళ్ళాలా?

సముద్రం నెమ్మదిగా ఉన్న రోజుల్లో బీచ్ రోడ్డు అద్భుతం. ఈ దారిలో అదే అందమైన ముక్క. కానీ ఉప్పాడ తీరాన్ని సముద్రం ఏళ్ళ తరబడి కోసేస్తోంది. వాయుగుండం ఉన్నప్పుడు అలలు గట్టు రాళ్ళను దాటి రోడ్డు మీద పడతాయి, రాళ్ళు కూడా ఎగిరొస్తాయి. ఆ నీళ్ళు ఇంజనులోకి వెళ్తే బండి అక్కడే ఆగిపోతుంది. అలలు పొంగే రోజున పోలీసులు దారి మూసేస్తారు. విశాఖ నుంచి వచ్చేవాళ్ళు కత్తిపూడి, పిఠాపురం మీదుగా ఉప్పాడ చేరి, సముద్రం బాగుంటే బీచ్ రోడ్డులో కాకినాడకు దిగడం సుఖం.

అంతర్వేది నుంచి నరసాపురానికి కారును పంటు మీద ఎక్కించొచ్చా?

ఎక్కించొచ్చు. సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం రేవుకు వశిష్ఠ గోదావరి మీద పంటు, అంటే బండ్లను కూడా నది దాటించే పడవ, నడుస్తుంది. పంటు లేకపోతే వెనక్కి వచ్చి దిండి–చించినాడ వంతెన, పాలకొల్లు మీదుగా చుట్టూ తిరగాలి, గంటన్నర పైమాటే. రేవు పలకల మీదికి మొదటి గేరులో, క్లచ్ ఆడించకుండా నెమ్మదిగా ఎక్కండి. పక్కన కూర్చున్నవాళ్ళు ముందే దిగి నడిచి ఎక్కడం మంచిది. ఎక్కాక హ్యాండ్‌బ్రేక్ వేసి, మొదటి గేరులో ఉంచి, ఇంజను ఆపి, అద్దాలు దించి ఉంచండి. బాగా కిందికి ఉండే కార్లకు పలక అంచున ముందు బంపరు తగులుతుంది, ఏటవాలుగా ఎక్కించాలి. జూలై నుంచి సెప్టెంబరు మధ్య గోదావరికి వరద వస్తే పంటు ఆపేస్తారు. చీకటి పడే వేళకు చివరి పంటు ఎప్పుడో రేవులో అడిగాకే అంతర్వేదిలో ఆలస్యం చేయండి.

మా ఇద్దరిలో ఒక్కరికే డ్రైవింగ్ వచ్చు. ఇబ్బందా?

కాదు, కానీ 216 మీద రోజుకు 150 కిలోమీటర్లు దాటించకండి. మధ్యాహ్నం భోజనం తర్వాత రెండు గంటలు బండి తీయకపోవడం మేలు. పక్కసీటులోవాళ్ళు దారి చెప్పే పని పూర్తిగా తీసుకోవాలి. కోనసీమ కాలువగట్ల మీద మ్యాప్ చూపే దగ్గరి దారులు రెండు కార్లు తప్పుకోలేనంత ఇరుకు.

## బీచ్ దగ్గర

ఏ బీచ్‌లో నీళ్ళలోకి దిగొచ్చు?

విశాఖ ఆర్కే బీచ్‌లో దిగకండి. ఒడ్డు దగ్గరే లోతు పెరుగుతుంది, వెనక్కి లాగే నీటి బలం ఎక్కువ. రుషికొండలో గజ ఈతగాళ్ళు ఉంటారు, వాళ్ళు చూపిన హద్దుల్లో మోకాలి లోతు దాకా పర్వాలేదు. మంగినపూడిలో అడుగున నల్లమట్టి, చాలా దూరం లోతు పెరగదు. నీళ్ళు మురికిగా కనపడినా కొత్తవాళ్ళకు అదే నయం. సూర్యలంక, వాడరేవు, రామాపురం బీచ్‌లు చూడటానికి మెత్తగా ఉంటాయి. కానీ అడుగున ఇసుక గుంటలు చోటు మారుతుంటాయి, నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ మనిషి లోతు ఉండొచ్చు. నది సముద్రంలో కలిసే చోట్లలో, అంటే భీమిలి గోస్తనీ మొగ, అంతర్వేది అన్నాచెల్లెళ్ళ గట్టు, హంసలదీవి సాగరసంగమం దగ్గర, కాళ్ళు తడుపుకోవడంతో సరిపెట్టుకోండి. పోటు తీసేవేళ అక్కడి ప్రవాహం ఈతగాడినైనా లాక్కుపోతుంది.

లోపలికి లాగేసే ప్రవాహాన్ని ఎలా గుర్తుపట్టాలి?

గట్టు మీద నిలబడి ఐదు నిమిషాలు చూడండి. రెండువైపులా అలలు తెల్లగా విరుగుతుంటే, మధ్యలో ఒక పట్టీ మాత్రం అలలు విరగకుండా, కాస్త నల్లగా, నిదానంగా కనపడుతుంది. నురగ, చెత్త దాని మీదుగా లోపలికి పోతుంటాయి. అదే లాగుడు ప్రవాహం. ప్రశాంతంగా ఉందని కొత్తవాళ్ళు సరిగ్గా అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, బలం అయిపోయి మునిగేది అందుకే. వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తండి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి చేరాక వాటితో పాటు ఒడ్డుకు రండి.

ఒకరు కొట్టుకుపోతుంటే రెండోవాళ్ళు ఏం చేయాలి?

నీళ్ళలోకి దూకకండి. ఇద్దరే వెళ్ళినచోట ఇద్దరూ పోవడానికి కారణం ఇదే. గట్టిగా అరిచి దగ్గర్లోని మత్స్యకారులను పిలవండి, తాడు కట్టిన ఖాళీ డబ్బా విసరండి, 112కు ఫోన్ చేయండి. మనిషి తల ఎక్కడుందో చూపు తిప్పకుండా వేలితో చూపిస్తూ ఉండండి. అందుకే ఇద్దరూ ఒకేసారి నడుము లోతుకు వెళ్ళొద్దు, ఒకరు ఎప్పుడూ ఒడ్డున ఉండాలి. మందు తాగిన రోజు సముద్రం వద్దు.

సూర్యాస్తమయం సముద్రంలో చూడొచ్చా?

మనది తూర్పు తీరం, సముద్రంలోంచి సూర్యుడు పుడతాడు, కుంగడు. జూన్‌లో ఐదున్నర ప్రాంతంలో, జనవరిలో ఆరున్నర ప్రాంతంలో ఉదయిస్తాడు. అరగంట ముందే ఇసుక మీద ఉండండి, రంగులన్నీ అప్పుడే. నీళ్ళ మీద సూర్యాస్తమయం కావాలంటే దిండిలో ఉన్న సాయంత్రం వశిష్ఠ ఒడ్డుకు వెళ్ళండి, నది అవతల పడమటి గట్టున కొబ్బరిచెట్ల వెనక దిగుతాడు.

కారును ఇసుకలోకి దించితే ఏమవుతుంది?

ఇరుక్కుంటుంది. మన కార్లలో ఎక్కువ వాటికి ముందు చక్రాలకే బలం. పొడి ఇసుకలో అవి తిరుగుతూ గొయ్యి తవ్వుకుంటాయి, రెండు నిమిషాల్లో బండి పొట్ట ఇసుక మీద ఆనుతుంది. చక్రం ఒక్కసారి జారగానే యాక్సిలరేటర్ వదిలేయండి. చక్రాల ముందు, బండి కింద ఇసుక పారతో తీసేయండి. టైర్లలో గాలి 18 నుంచి 20 పీఎస్ఐకి దించండి, నేల మీద పట్టు పెరుగుతుంది. కాలి మ్యాట్లో కొబ్బరిమట్టలో చక్రం కింద దూర్చి, వచ్చిన దారినే వెనక్కి, స్టీరింగ్ తిన్నగా ఉంచి నెమ్మదిగా తీయండి. తాడు కట్టాల్సి వస్తే బంపరుకు కాదు, టూల్‌కిట్‌లో ఉండే కొక్కేన్ని దాని మరలో బిగించి దానికి కట్టాలి. బయటపడ్డాక గాలి మళ్ళీ నింపకుండా వేగంగా నడపొద్దు. తడి ఇసుక గట్టిగా ఉందని నమ్మి నీళ్ళ అంచున ఆపకండి. పోటు వస్తే తాడు వేసే సమయం కూడా దొరకదు.

జెల్లీఫిష్ కుడితే?

రుద్దకండి, మంచినీళ్ళు పోయకండి. సముద్రపు నీళ్ళతోనే కడిగి, అంటుకున్న దారాలను పట్టకారుతో తీసి, ఓర్చుకోగలిగిన వేడినీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచండి. ఊపిరి బరువైతే, ముఖం వాస్తే వెంటనే 108.

డ్రోన్ ఎగరేయొచ్చా?

విశాఖలో వద్దు, అది తూర్పు నౌకాదళ కేంద్రం. యారాడ, డాల్ఫిన్స్ నోస్ వైపు కొన్నిచోట్ల ఫొటోలు కూడా నిషేధం. సూర్యలంక పక్కనే వైమానిక దళ స్థావరం ఉంది. మిగతా చోట్ల, డ్రోన్లకు ఎక్కడ అనుమతి ఉందో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలు చూసుకున్నాకే.

ఎలాంటి బట్టలు వేసుకోవాలి? ఇద్దరమే ఉంటే ఇబ్బంది పెడతారా?

రుషికొండలో ఎవరూ పట్టించుకోరు. పేరుపాలెం, ఓడలరేవు, హంసలదీవి లాంటి పల్లె బీచ్‌లలో కుటుంబాలు, భక్తులు ఎక్కువ. మోకాళ్ళు దాటే కాటన్ బట్టలతో దిగితే ఎవరి చూపులూ పడవు. బట్టలు మార్చుకునే గదులు చాలాచోట్ల ఉండవు కాబట్టి కారు అద్దాలకు తెర వెంట ఉంచుకోండి. జనం ఉన్న చోటే కూర్చోండి, సరుగుడు తోటల్లో లోపలికి వెళ్ళకండి, చీకటి పడ్డాక ఉండకండి.

రాత్రి బీచ్‌లో టెంట్ వేసుకోవచ్చా?

బహిరంగ తీరంలో వద్దు, పోలీసులు పంపించేస్తారు. పైగా జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. టార్చి వెలుగు చూస్తే వెనక్కి పోతాయి. వాటి దారిలో మనం ఉండకూడదు. ఆరుబయట పడుకోవాలని ఉంటే బీచ్‌కు ఆనుకున్న రిసార్టు ఆవరణలో టెంట్ అడగండి.

## తిండి, కొనుగోళ్ళు

చేపలు ఎక్కడ బాగుంటాయి? తాజావో కావో ఎలా తెలుస్తుంది?

సముద్రపు చేపలకు విశాఖ, కాకినాడ. వంజరం వేపుడు, చందువ, నెత్తళ్ళు, సొర పిట్టు అడిగి చేయించుకోండి. కోనసీమలో పండుగప్ప, రొయ్యలు, పీతలు. పులస వరద గోదావరి కాలంలోనే, జూలై నుంచి సెప్టెంబరు దాకా. జనవరిలో పులస పులుసు అని రాసిన బోర్డు చూసి డబ్బు పోసుకోకండి. తాజా చేపకు కన్ను ఉబ్బి మెరుస్తుంది, మొప్పలు ఎర్రగా ఉంటాయి, వేలితో నొక్కితే గుంట వెంటనే పూడుతుంది. చేపను ముందు తూకం వేయించి, వండినదానికి ఎంతో అడిగాకే చెప్పండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో పెద్ద సముద్రపు చేపలు చాలావరకు ఐసులో నిలవున్నవే. అప్పుడు చెరువు రొయ్యలు మేలు.

మేం శాకాహారులం. ఇబ్బంది పడతామా?

కాకినాడ సుబ్బయ్య హోటల్ భోజనం ఒక్కటి చాలు ప్రయాణం గుర్తుండిపోవడానికి. పట్టణాల్లో ఎక్కడా లోటుండదు. బీచ్ పక్క షెడ్లలో మాత్రం ఒకే నూనెలో అన్నీ వేయిస్తారు. అంతర్వేది, మోపిదేవి గుళ్ళ దగ్గర శాకాహార భోజనం దొరుకుతుంది.

గుర్తుగా ఏం కొనుక్కోవాలి?

ఉప్పాడలో జాందానీ చీర, మగ్గం ఉన్న ఇంట్లోనే. నేతలో తిప్పిన బుటా రెండువైపులా ఒకేలా ఉండాలి. వెనకవైపు వదులు పోగులు వేలాడితే అది వేరే రకం. పెడనలో కలంకారీ, చీరాలలో చేనేత, వేటపాలెంలో జీడిపప్పు. కాకినాడ గొట్టం కాజాలో పాకం ఉంటుంది కాబట్టి నిటారుగా డబ్బాలో పెట్టండి. బందరు తొక్కుడు లడ్డు ప్రయాణానికి బాగా ఆగుతుంది.

## తిరుగు ప్రయాణం

చీరాల నుంచి హైదరాబాదుకు, విశాఖకు ఏ దారి మంచిది?

హైదరాబాదుకు అద్దంకి చేరి, అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డులో పిడుగురాళ్ళ, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా. విజయవాడ రద్దీ తగలదు. విశాఖకు మాత్రం వచ్చిన దారిన వెళ్ళకండి. గుంటూరు వైపు ఎన్‌హెచ్ 16 ఎక్కి విజయవాడ, రాజమండ్రి మీదుగా తెల్లవారుజామున బయలుదేరితే ఒక్క పగలులో చేరతారు.

ఇంటికొచ్చాక కారుకు ఏం చేయించాలి?

రెండు రోజుల్లోపు కింది భాగం నీళ్ళతో బాగా కడిగించండి. చక్రాల గూళ్ళు, సస్పెన్షన్, తలుపుల కింది అంచులు, సైలెన్సర్ అతుకులు తప్పకుండా కడగాలి. ఉప్పు పట్టిన చోటే తుప్పు మొదలవుతుంది. కారు ఒంటి మీద ఇసుక ఉండగా పొడిగుడ్డతో తుడిస్తే పెయింటు గీసుకుపోతుంది కాబట్టి ముందు నీళ్ళు పోయాలి. కడిగాక కాసేపు నడిపి బ్రేకులు వేస్తే డిస్కుల మీది పలచటి తుప్పు పోతుంది. సీటు పట్టాల్లో ఇసుకను వాక్యూమ్‌తో తీయించండి. ఏసీ ఫిల్టరు విప్పి దులపండి, తెల్లగా ఉప్పు పట్టి ఉంటే మార్చేయండి.